లైబ్రరీ సైన్స్ రెగ్యులర్‌గా చదవాలా, ఓపెన్‌లోనా? మీ పక్కన ఎవరు కూర్చుంటారో చూసి తేల్చుకోండి

డిగ్రీ ఫలితాలు రాగానే మా కాలేజీ లైబ్రరీకి వచ్చే పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, బీఎల్‌ఐఎస్సీ యూనివర్సిటీలో చేరి చదవాలా, అంబేడ్కర్ ఓపెన్‌లో ఫీజు కట్టేస్తే సరిపోతుందా?" బీఎల్‌ఐఎస్సీ అంటే డిగ్రీ తరువాత చేసే లైబ్రరీ సైన్స్ డిగ్రీ, ఓపెన్ అంటే దూరవిద్య. వాళ్ల మనసులో ఉండేవి ఫీజు, సర్టిఫికెట్ విలువ, ఉద్యోగ నోటిఫికేషన్లలో చెల్లుబాటు. యూజీసీ అనుమతి ఉన్న కోర్సు అయితే ఓపెన్ డిగ్రీ కూడా రెగ్యులర్ డిగ్రీతో సమానమే. సిలబస్ కూడా దాదాపు ఒకటే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ చెప్పిన పంచసూత్రాలు, పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ వర్గీకరణ, క్యాటలాగింగ్, రిఫరెన్స్ సర్వీసు, కంప్యూటర్లు ఎక్కడైనా చదవాల్సిందే. కాబట్టి ఈ లెక్కలతోనే తేల్చుకోవాలనుకుంటే తక్కువ ఫీజు ఉన్నదే గెలుస్తుంది. కానీ ఈ వృత్తిలో అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది. చదువుకునేటప్పుడు మీకు ఎవరు పరిచయమవుతారు?

దీనికి నేను ఇంత ప్రాధాన్యం ఎందుకిస్తానంటే, లైబ్రేరియన్‌ది ఒంటరి ఉద్యోగం. డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్‌కు అనుమానం వస్తే పక్క కుర్చీలో ఇంకో కామర్స్ లెక్చరర్ ఉంటారు. లైబ్రేరియన్ మాత్రం కాలేజీ మొత్తానికి ఒక్కరే. స్కూల్లోనూ అంతే, చాలా శాఖా గ్రంథాలయాల్లోనూ అంతే. లైబ్రరీ పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ ఉదయం తెరుచుకోకపోతే, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వారంలో వస్తోందని ప్రిన్సిపాల్ చెబితే, ఈ-పుస్తకాలు, ఈ-జర్నళ్లు చదువుకునే ఎన్-లిస్ట్ పాస్‌వర్డులు పనిచేయడం లేదని పిల్లలు వరుసలో నిలబడితే, అడగడానికి ఆ భవనంలో ఎవరూ ఉండరు. అప్పుడు ఫోన్ చేసేది బ్యాచ్‌మేట్‌కో సీనియర్‌కో. అందుకే ఈ చదువులో పరిచయాలు పాఠాలంత ముఖ్యం.

యూనివర్సిటీ క్యాంపస్‌లో

తెలుగునాట ఈ చదువు పాతదే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా మొదలుపెట్టింది. ఉస్మానియాలో 1959 నుంచి ఈ విభాగం ఉంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ చదవొచ్చు. ఏ డిగ్రీ అయినా అర్హతే కాబట్టి క్లాసులో బీకాం, బీఎస్సీ, తెలుగు సాహిత్యం, ఇంజనీరింగ్ చదివినవాళ్లంతా కలుస్తారు. అప్పటికే ఒక పీజీ చేసి వచ్చినవాళ్లూ ఉంటారు. చాలా కోర్సుల్లో ఇంత కలగలుపు కనిపించదు. దాని విలువ క్లాసిఫికేషన్ ప్రాక్టికల్స్‌లో తెలుస్తుంది.

డ్యూయీ ముద్రిత సెట్టు నాలుగు పెద్ద సంపుటాలు. విభాగంలో ఉండేవి కొద్ది సెట్లే. దాంతో ఒకే బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరాల్సి వస్తుంది. 'ఆంధ్రప్రదేశ్‌లో భూగర్భ జలాలు' అనే శీర్షిక ఇస్తారు. జియాలజీ చదివిన అమ్మాయి వెంటనే 551.49 అంటుంది. ఇంకొకరు ఇండెక్స్ తిప్పి, నీటిని ఖనిజ సంపదలా చూసే పుస్తకమైతే 553.79 కదా అంటారు. ఎకనామిక్స్ చదివినవాడు ఊరుకోడు, ఇది నీటి వనరుల వాడకం గురించి అయితే 333.91 కిందికి రావాలంటాడు. పుస్తకం అసలు దేని గురించి రాశారో తేలితే తప్ప నంబరు తేలదని ఆ బల్ల దగ్గర అర్థమవుతుంది. ఆ తరువాత ప్రాంతాల నంబర్లుండే రెండో పట్టిక నుంచి ఆంధ్రప్రదేశ్‌కు 5484 తెచ్చి కలపడం పెద్ద పని కాదు. ఇంట్లో ఒక్కరే కూర్చుని చేస్తే మొదట తోచిన నంబరు వేసి ముందుకు పోతాం, రెండో దారి ఉందని కూడా తెలియదు. ఆ వాదనలో కూర్చున్నవాళ్లే తరువాత జీవితాంతం ఒకరికొకరు ఫోన్ చేసుకునే మనుషులవుతారు. రెగ్యులర్ చదువుకు నేను ఇచ్చే మార్కుల్లో సగం ఈ బల్లకే.

రెండో లాభం రీసెర్చ్ స్కాలర్లు. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఆ కారిడార్‌లోనే తిరుగుతుంటారు. కాలేజీ పోస్టుల అర్హత పరీక్ష అయిన నెట్ రాసి పాసైనవాళ్లు, ఎక్కడ ఖాళీ పడిందో తెలిసినవాళ్లు, ఏ యూనివర్సిటీ లైబ్రరీలో తాత్కాలిక పోస్టు రాబోతోందో ముందే విన్నవాళ్లు వాళ్లే. ఆగస్టు 12న రంగనాథన్ జయంతికి లైబ్రేరియన్ల దినోత్సవం, నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ పనుల్లో ముందు నిలబడిన విద్యార్థి పేరు ప్రొఫెసర్లకు గుర్తుంటుంది. తరువాత ఏ ప్రిన్సిపాలో ఫోన్ చేసి "ఎవరైనా మంచి పిల్లలుంటే పంపండి సార్" అన్నప్పుడు నోటికొచ్చేది ఆ పేరే. మీ విభాగంలో స్టడీ టూర్ ఉంటే తప్పకుండా వెళ్లండి. పెద్ద లైబ్రరీల లోపలి గదులు చూసే, అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడే అవకాశం మామూలు సందర్శకులకు దొరకదు.

ఇక లోటు గురించి. కొన్ని విభాగాల్లో పర్మినెంట్ అధ్యాపకులు ఒకరిద్దరే మిగిలారు, క్లాసులు గెస్ట్ ఫ్యాకల్టీ మీద నడుస్తున్నాయి. అలాంటిచోట హాజరు కోసం రిజిస్టర్‌లో సంతకం పెట్టి గదికి వెళ్లిపోయే అలవాటు విద్యార్థులకు త్వరగా వస్తుంది. క్యాంపస్‌లో ఉండి కూడా ఎవరితోనూ కలవకపోతే, హాస్టల్ ఖర్చు పెట్టి ఓపెన్ డిగ్రీ చేసినట్టే. చేరబోయేముందు ఆ విభాగానికి స్వయంగా వెళ్లండి. ల్యాబ్ తెరిచి ఉందా, రీసెర్చ్ స్కాలర్లు కనిపిస్తున్నారా అన్నది ఒక్కపూటలో తెలిసిపోతుంది.

ఓపెన్‌లో చదివితే

డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో, ఇగ్నో 1985లో మొదలయ్యాయి. ఈ రెండింటి స్టడీ సెంటర్లలో లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లు మన లైబ్రరీల్లో ఎంతోమంది. ఓపెన్ అంటే పరిచయాలే ఉండవని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అది నిజం కాదు. ఆదివారం కాంటాక్ట్ క్లాసుకు వచ్చినవాళ్లను ఒకసారి చూడండి. ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రరీ అసిస్టెంట్, జిల్లా గ్రంథాలయ సంస్థలో రికార్డు అసిస్టెంట్, ప్రైవేటు స్కూలు టీచర్, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ చదువు మొదలుపెట్టిన గృహిణి అక్కడ ఉంటారు. వీళ్లలో సగంమంది ఇప్పటికే లైబ్రరీలో పనిచేస్తున్నారు. పుస్తకాలు కొనేటప్పుడు సప్లయర్‌తో ఎలా మాట్లాడాలి, పోయిన పుస్తకాలను రికార్డుల నుంచి ఎలా తీసేయాలి, ఆడిట్‌కు ఏ రిజిస్టర్ చూపాలి వంటివి క్యాంపస్‌లో ఎవరూ చెప్పరు. ఇక్కడ మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని కూర్చున్నప్పుడు వినొచ్చు.

చిక్కల్లా వాళ్లు నిలవకపోవడమే. క్లాసు అవగానే బస్సు అందుకోవాలి, మళ్లీ కలిసేది పరీక్షల్లోనే. పరిచయం దానంతట అది పెరగదు, మీరే పెంచుకోవాలి. మొదటి క్లాసులోనే నాలుగు ఫోన్ నంబర్లు తీసుకోండి. ఎవరు ఏ లైబ్రరీలో పనిచేస్తున్నారో అడిగి, ఒక రోజు అక్కడికి వెళ్లి చూసి రండి. "మీ లైబ్రరీ చూడాలనుంది అక్కా" అని అడిగితే ఈ వృత్తిలో కాదనేవాళ్లు చాలా తక్కువ.

ఇప్పటికే లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్నవారికి నేను ఓపెన్‌నే గట్టిగా చెబుతాను. పని అనుభవం, రోజువారీ పరిచయాలు మీకు ముందే ఉన్నాయి. ఉద్యోగం మానుకుని క్యాంపస్‌కు వెళ్తే కోల్పోయేదే ఎక్కువ. అసలు లైబ్రరీలో ఎప్పుడూ పనిచేయని కుర్రాడు ఓపెన్‌లో చేరాలనుకుంటేనే నాకు టెన్షన్. సర్టిఫికెట్ వస్తుంది, కానీ ఇంటర్వ్యూలో, కొన్న పుస్తకాలను వరుసగా నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో ఏయే కాలమ్‌లు ఉంటాయని అడిగితే పుస్తకంలో చదివిన బొమ్మ తప్ప చేత్తో రాసిన జ్ఞాపకం ఉండదు, ఫలానా చోట పని నేర్చుకున్నానని చెప్పడానికి ఒక పేరూ ఉండదు. అలాంటివాళ్లు కోర్సుతో పాటే దగ్గరలోని ఏదైనా లైబ్రరీలో కొన్నాళ్లు ఉచితంగానైనా పనిచేయాలి. దీనికి సరైన అదను స్టాక్ వెరిఫికేషన్. కాలేజీల్లో ఎక్కువగా వేసవి సెలవుల్లో జరుగుతుంది, అప్పుడు ప్రతి లైబ్రేరియన్‌కూ మనుషులు కావాలి. బీరువాలన్నీ దించి, నంబర్లు సరిచూసి, చిరిగినవి పక్కన పెట్టి, మళ్లీ సర్దేసరికి ఆ లైబ్రరీ వర్గీకరణ మొత్తం మీ చేతికి తెలిసిపోతుంది. ఆ లైబ్రేరియన్ మిమ్మల్ని మరచిపోరు. ఇంటికి దగ్గరలో శాఖా గ్రంథాలయం ఒక్కటే ఉన్న గృహిణులకూ ఇదే దారి చెబుతాను.

ఓపెన్ విద్యార్థులు ఎక్కువగా ఆధారపడేది వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల మీద. పాత ప్రశ్నపత్రాలకు, నోటిఫికేషన్ల తేదీలకు అవి బాగా పనికొస్తాయి. అయితే వందలమంది ఉన్న గ్రూపులో మీ పేరు ఎవరికీ తెలియదు. ఎవరైనా సందేహం అడిగితే తెలిసినంతవరకు శ్రద్ధగా జవాబు రాయండి. రోజూ ఫార్వర్డులు పంపేవాళ్లకంటే అలా రాసేవాళ్లనే జనం గుర్తుంచుకుంటారు.

బెంగళూరు డీఆర్‌టీసీ

మన విద్యార్థుల్లో చాలామందికి ఈ పేరు ఎంఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) అయిపోయాక తెలుస్తుంది. డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్‌ను రంగనాథన్ స్వయంగా 1962లో స్థాపించారు. మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రాంగణంలో ఉంటుంది. రెండేళ్ల ఎంఎస్ కోర్సు, ప్రవేశ పరీక్ష రాయాలి, చేరినవారికి స్టైపెండ్ ఇస్తారు. ఇక్కడ మెటాడేటా (సమాచారం గురించిన వివరాలు), ఆంటాలజీలు (విషయాల మధ్య సంబంధాల నమూనాలు), డిజిటల్ లైబ్రరీల పాలు ఎక్కువ. బ్యాచ్ చిన్నది. విద్యార్థులు అందరి ముందు నిలబడి కొలోక్వియం (ఒక అంశంపై ప్రసంగం) ఇవ్వడం, ప్రశ్నలకు జవాబు చెప్పడం చదువులో భాగం. భయపడేవాడు కూడా రెండేళ్లలో సభలో మాట్లాడటం నేర్చుకుంటాడు. పరిచయాలు పెంచుకోవడానికి అంతకంటే పనికొచ్చే విద్య లేదు.

కంప్యూటర్ మీద ఇష్టం ఉండి, పరిశోధనో కంపెనీల్లో సమాచార నిర్వహణ ఉద్యోగమో కావాలనుకునేవారు మొదటి ప్రయత్నం ఇక్కడే చేయాలి. అక్కడి పూర్వ విద్యార్థులు దేశమంతటా ఉన్నారు. మీ ఆశ గుంటూరులోనో వరంగల్‌లోనో డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ పోస్టు అయితే మాత్రం, స్థానిక కాలేజీల మనుషులు తెలిసిన మన యూనివర్సిటీలే ఎక్కువ అక్కరకొస్తాయి.

పెళ్లయి అమెరికా వెళ్లిన కొందరు అమ్మాయిలు కూడా నన్ను అడుగుతుంటారు. అక్కడ పబ్లిక్, యూనివర్సిటీ లైబ్రరీల్లో లైబ్రేరియన్ పోస్టుకు చాలాచోట్ల అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ కావాలంటారు. మన ఎంఎల్‌ఐఎస్సీ ఉన్నా ఆ మెట్టు దగ్గర ఆగిపోతారు. శాన్ హోజే స్టేట్ యూనివర్సిటీ కోర్సు లాంటివి పూర్తిగా ఆన్‌లైన్‌లోనే నడుస్తాయి కాబట్టి ఏ ఊళ్లో ఉన్నా చదవొచ్చు. ఫీజు మాత్రం పెద్దది. అది కట్టేముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో వాలంటీర్‌గా కొన్ని నెలలు తిరగండి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో తెలుగులో కథల గంట నడుపుతామంటే బ్రాంచి వాళ్లు వినే అవకాశం ఎక్కువ. ఆ పని నచ్చితే అప్పుడు కోర్సు.

సంఘాలు, సెమినార్లు: దేనికి డబ్బు పెట్టాలి

విద్యార్థిగా మూడు రకాల సంఘాలు కనిపిస్తాయి. ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్ 1933లో, ప్రత్యేక గ్రంథాలయాల వారి సంఘం ఐఏఎస్‌ఎల్‌ఐసీ 1955లో పుట్టాయి. వాటికంటే ముందు, 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దేశస్థాయి సంఘానికి 19 ఏళ్ల ముందే మనవాళ్లు ఊరూరా గ్రంథాలయాలవాళ్లను ఒకచోట చేర్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊళ్లకు తీసుకెళ్లారు. ఈ చరిత్ర సిలబస్‌లో ఒక పేరాగా ఉంటుంది, పరీక్షకు చదివి వదిలేస్తారు. వేటపాలెంలోని పాత గ్రంథాలయం సారస్వత నికేతనానికి, హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి, గ్రంథాలయ సంఘానికి నెలవైన విజయవాడ సర్వోత్తమ భవనానికి వెళ్లి అక్కడివాళ్లతో కూర్చుని మాట్లాడిన విద్యార్థికి, తాను ఎవరి వారసత్వంలో పనిచేయబోతున్నాడో తెలుస్తుంది. ఉద్యోగంలో జీతం తక్కువైన రోజుల్లో ఆ ఎరుక నిలబెడుతుంది.

అందుకే స్థానిక సంఘంతో మొదలుపెట్టమంటాను. ఖర్చు తక్కువ, మనుషులు దగ్గర, సభల్లో కుర్చీలు సర్దడం నుంచి నివేదిక రాయడం దాకా విద్యార్థికి పని దొరుకుతుంది. జాతీయ సంఘంలో సభ్యత్వం ఎంఎల్‌ఐఎస్సీ పూర్తయ్యేవేళ తీసుకుంటే చాలు. జాతీయ సదస్సుకు రిజిస్ట్రేషన్, రైలు, బస కలిపి విద్యార్థికి చాలా ఖర్చవుతుంది. అది మన రాష్ట్రాల్లోనో పక్క రాష్ట్రంలోనో జరిగిన ఏడాది వెళ్లండి. వీలైతే వాలంటీర్‌గా వెళ్లండి. రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి వచ్చినవాళ్లందరి ముఖాలూ తెలుస్తాయి.

సెమినారా, వర్క్‌షాపా అని అడిగితే నా జవాబు ఎప్పుడూ వర్క్‌షాపే. సెమినార్లో పేపర్ చదవడానికి ఐదు నిమిషాలిస్తారు, వినేవాళ్లు తమ వంతు కోసం చూస్తుంటారు, సాయంత్రం సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతారు. కోహా మీదో, డిజిటల్ భాండాగారాలు నడిపే డీస్పేస్ మీదో రెండు మూడు రోజుల వర్క్‌షాపు అయితే పక్క సిస్టమ్ ముందున్న మనిషితో రోజంతా కలిసి పనిచేయాలి. మీకు ఇన్‌స్టాలేషన్‌లో ఎర్రర్ వస్తే అతను చూస్తాడు, అతనికి పుస్తకం వివరాలు నింపే మార్క్ ఫీల్డులు అర్థం కాకపోతే మీరు చెబుతారు. ఆ పరిచయం నిలుస్తుంది. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శిక్షణ కార్యక్రమాల మీదా ఒక కన్నేసి ఉంచండి.

చదువయ్యాక: నెట్ కోసం గదిలో కూర్చోవాలా, ట్రైనీ పోస్టులో చేరాలా

ఎంఎల్‌ఐఎస్సీ తరువాత చాలామంది ఊళ్లోనో హైదరాబాద్‌లోనో గది తీసుకుని నెట్, రాష్ట్ర స్థాయిలో అలాంటిదే అయిన సెట్ పరీక్షలకు కూర్చుంటారు. ఇంకో దారి లైబ్రరీ ట్రైనీ. ఐఐటీలు, ఐఐఎంలు, ఇంకా కొన్ని పరిశోధన సంస్థలు కొత్తగా పాసైనవారిని నిర్ణీత కాలానికి స్టైపెండ్ మీద తీసుకుంటాయి. స్టైపెండ్ చూసి పెదవి విరుస్తారు గానీ, నేనైతే ట్రైనీనే ముందు పెడతాను. పెద్ద లైబ్రరీలో పనిచేస్తే ఈ-జర్నళ్ల చందాలు, సంస్థ పరిశోధనలు భద్రపరిచే రిపాజిటరీ, ప్లేజియరిజం (రచనా చౌర్యం) తనిఖీ, పుస్తకాలకు అంటించే ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పులు వంటివన్నీ కళ్లముందే నడుస్తాయి. అక్కడి తోటి ట్రైనీలు వేరే రాష్ట్రాలవాళ్లు. తరువాత వాళ్లు వెళ్లి చేరిన ప్రతి లైబ్రరీలో మీకు ఒక మనిషి ఉన్నట్టే. నెట్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది, ట్రైనీగా ఉంటూ కూడా రాయొచ్చు. చాలా ట్రైనీ పోస్టులకు మాత్రం పాసై ఎక్కువ కాలం గడవకూడదు, వయసు పరిమితి కూడా ఉంటుంది, కాబట్టి వాయిదా వేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది. ఇంటి బాధ్యతలవల్ల ఊరు వదల్లేనివారు నెట్ దారిలోనే వెళ్లినా, పొద్దంతా గదిలో కాకుండా ఏదైనా లైబ్రరీలో సగం పూటైనా పని చూసుకోవాలి.

ఫీజు కట్టేముందు

ఏది ఎంచుకున్నా, డబ్బు కట్టేముందు ఆ కోర్సు పోయినేడాది పూర్తిచేసిన ఇద్దరు ముగ్గురి నంబర్లు సంపాదించండి. విభాగం ఆఫీసులో అడిగితే ఇస్తారు, లేదా స్టడీ సెంటర్ కోఆర్డినేటర్ ఇస్తారు. ఎవరి నంబరూ ఇవ్వలేకపోతే అక్కడ పాత విద్యార్థులతో సంబంధాలు లేవని అర్థం. ఫోన్‌లో "కోర్సు బాగుందా" అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. ప్రాక్టికల్స్ ఎన్ని రోజులు నిజంగా జరిగాయి, కోహా మీద మీ చేత ఎంట్రీలు చేయించారా, ఏ లైబ్రరీకి ఇంటర్న్‌షిప్‌కు పంపారు అని అడగండి. ఆ బ్యాచ్‌లో ఇప్పుడు ఎంతమంది లైబ్రరీల్లో పనిచేస్తున్నారో, వాళ్లకు ఉద్యోగం సంగతి ఎవరు చెప్పారో తెలుసుకోండి. చివరగా, పోయిన నెలలో బ్యాచ్‌మేట్లలో ఎవరితో మాట్లాడారో, ఏ పని మీద మాట్లాడారో అడగండి. వెంటనే ఒక పేరు, ఒక పని చెప్పగలిగితే ఆ కోర్సులో చేరొచ్చు.